మా చెరువూ, దాని నీరుగంటీ

కదిరికీ ధర్మవరానికీ నడుమ గుట్టల మధ్య ఉన్న మా ఊరికి ఏరు లేదు, కాలువ లేదు. ఉన్నదల్లా ఒక చెరువు, రెండు గుట్టల మీద పడిన వానను దానిలోకి తెచ్చి పోసే ఒక వంక. బుక్కపట్నం చెరువులాగా విజయనగర రాజుల కాలం పేరు చెప్పుకునేంత పెద్దదేమీ కాదు. బుక్కరాయసముద్రం చెరువుకున్నట్టు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ కూడా దానికి లేదు. అయినా 1970ల్లో, మా చిన్నతనంలో, ఊరి ఏడాది మొత్తం ఆ చెరువు చుట్టూనే తిరిగేది. పెళ్లి ముహూర్తాలు, అప్పు తీర్చే గడువులు, ఎద్దులను మార్చడం, చివరికి ఇంటికి సున్నం కొట్టించాలా వద్దా అన్నది కూడా ఆ ఏడు చెరువులోకి ఎన్ని నీళ్లు వచ్చాయన్నదాన్ని బట్టే పెద్దవాళ్లు తేల్చుకునేవారు.

మా ప్రాంతపు వాన సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువంతా దించుకొని మా వైపు వస్తుంది. ఈశాన్య వాన బంగాళాఖాతం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి చాలావరకు అయిపోతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వాన కూడా సర్దుకొని పడదు. నెలల తరబడి మబ్బు చూపించి, చేను వాడిపోయాక ఏ పుబ్బ కార్తెలోనో ఉత్తరలోనో ఒక్క రాత్రి కుంభవృష్టిగా కురిసి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తుంది. ఆ ఒక్క రాత్రి వానను పట్టుకొని సంక్రాంతి దాటేదాకా నిలబెట్టడానికే మా పూర్వులు ఊరూరా చెరువు కట్టుకున్నారు. “మఖా పుబ్బలు వరుపైతే మహాక్షామం” అని మా అవ్వ అనేది. ఆ రెండు కార్తెలు గడిచేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వేవారు కాదని చెబితే మా పిల్లలు నమ్మరు.

వంక వచ్చిన రాత్రి ఊరు నిద్రపోయేది కాదు. వాన చప్పుడు ఆగాక, గుట్టల దిక్కు నుంచి మరో రకం హోరు మొదలయ్యేది. మా నాయన మంచంలో లేచి కూర్చొని కాసేపు చెవి పెట్టి విని, “వంక కదిలింది” అని లాంతరు అందుకునేవాడు. కట్ట మీదికి పోయేసరికి అప్పటికే సగం ఊరు అక్కడుండేది. చీకట్లో నీళ్లు కనబడేవి కావు; ఎండిన తుంగ, ఆకులు, పేడ కలిసిన కొత్తనీటి వాసన మాత్రం ముఖానికి కొట్టేది. పొద్దు పొడిచాక ఎర్రటి నీళ్లు, వాటి మీద తేలుతున్న చితుకులు, ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన పామొకటి కనిపించేవి. పిల్లలం తూము రాతి మీద నీళ్లు ఎన్ని వరసలు ఎక్కాయో లెక్కబెట్టి, ఊళ్లోకి పరుగెత్తి ఇంటింటికీ చెప్పేవాళ్లం. చెరువు నిండి మరువ, అంటే మిగులు నీళ్లు పొర్లిపోయే దారి, పారితే ఆ వారంలోనే గంగపూజ. కట్ట మీది గంగమ్మకు పొట్టేలు కోసి, పసుపు, కుంకుమ, రవికెగుడ్డ, గాజులు చిన్న తెప్పలో పెట్టి ఆడవాళ్లు నీళ్లలోకి వదిలేవారు. అలాంటివి నేను చూసినవి తక్కువే. మా చెరువు ఏటా మరువ పారే చెరువు కాదు. నాలుగైదేళ్లకోసారి నిండితే అదే గొప్ప.

ఈ చెరువుకంతటికీ కావలి ఒక్క మనిషి. ఆయనను ఊరంతా నీరుగంటి అనే పిలిచేవారు, పేరు పెట్టి పిలిచినవాళ్లు నాకు గుర్తు లేరు. బక్కపలచటి మనిషి, మోకాళ్ల దాకా మడిచిన పంచె, భుజం మీద చలికపార. తూము తీయడం, మూయడం, కాలువలు తిప్పడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో చూడటం, కట్టకు ఎలుక బొక్కలు పడితే పూడ్చడం, గట్టి వాన రోజుల్లో రాత్రంతా మరువ దగ్గర కూర్చోవడం ఆయన పని. జీతం ఉండేది కాదు. కళ్లంలో వడ్లు తూర్పార పట్టాక ప్రతి రైతూ రాశి నుంచి ఇంతని మేర కొలిచేవాడు. కోత సమయంలో కట్టకట్టుకున్న వరి మోపు వేరే.

మా తూము పాతకాలపు రాతి తూము. కట్టకు లోపలి వైపు నీళ్లలో రెండు నిలువు రాళ్లు, వాటిని కలుపుతూ ఒకదాని కింద ఒకటి చిల్లులున్న అడ్డరాళ్లు, ఆ చిల్లుల గుండా కిందికి దిగిన పొడవాటి కొయ్య, దాని కొసన కాలువ నోట్లో బిగుసుకునే కొయ్య బిరడా. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరుగంటి ఈదుకుంటూ పోయి, అడ్డరాతి మీద కాళ్లు తన్నిపెట్టి, కొయ్యను పైకి లాగి, మేకు దూర్చి నిలిపేవాడు. ఎంత ఎత్తు లేపాలో వేళ్లతో కొలుచుకునేవాడు. నాట్లప్పుడు ఎక్కువ, కంకి పాలు పోసుకునేటప్పుడు తక్కువ. బిరడాకు బురద పట్టుకుంటే ఊపిరి బిగబట్టి మునిగి చేత్తో తవ్వేవాడు. ఆయన మునిగి పైకి తేలేదాకా కట్ట మీద పిల్లలం మేమూ ఊపిరి బిగబట్టుకునేవాళ్లం.

నీళ్ల వంతులు ఆయన పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్కకట్టేవాడు. పిల్లలకోడి చుక్కల గుంపు నడినెత్తికొచ్చేదాకా ఒకరి మడి, అక్కడినుంచి వేగుచుక్క పొడిచేదాకా ఇంకొకరిది. ఒకసారి మా నాయన, ఊళ్లో నలుగురు మాట వినే మనిషే, తొందరపడి మా మడికి ముందు నీళ్లు తిప్పమన్నాడు. నీరుగంటి చలికపార కిందికి దించకుండానే, “మీ వంతు పొద్దు వాలినాక సామీ. ఇప్పుడు తిప్పితే కింద మళ్లోళ్లు నన్ను కాలవలో ఏసి తొక్కుతారు” అన్నాడు. నాయన మారు మాట్లాడకుండా గట్టు మీద కూర్చున్నాడు. అంత అధికారం ఉన్న మనిషికి మా వీధి బావి దగ్గర చేద ముట్టే అధికారం లేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన ఊరి చివరి వాడలో ఉండేవాడు. ఆ వాడలో ఒక్కరికి కూడా కట్ట కింద సెంటు మడి లేదు. “చెరువు ఊరందరిదీ” అని ఇప్పుడు మావాళ్లు తరచూ కళ్లు తడిచేసుకొని అంటుంటారు. నీళ్లు అందరివీ కావు, కరువు మాత్రం అందరిదీ.

అయితే కరువును పంచుకోవడంలో ఒక పద్ధతి ఉండేది. చెరువు సగమే నిండిన ఏడు, నాట్లకు ముందు రచ్చకట్ట దగ్గర పెద్దలు కూర్చొని, నీరుగంటిని పిలిచి ఎన్ని నీళ్లున్నాయని అడిగేవారు. కొలత ఆయన నోటి మాటే. ఆ మాటను బట్టి ఈ ఏడు తూముకు దగ్గరి మళ్లు మాత్రమే నాటాలనో, ప్రతివాడూ తనకున్నదానిలో మూడోవంతే నాటాలనో తేల్చేవారు. దూరపు మడివాడికి తూము దగ్గర ఆ ఒక్క పంటకు ఒక చెక్క కేటాయించడం కూడా ఉండేది. దాన్ని దామాషా అనేవారు. గొడవలు లేవని కాదు, గట్ల మీద తలలు పగిలిన సందర్భాలు నాకు తెలుసు. కానీ గొడవ పడటానికైనా అందరూ ఒకే చోటికి రావలసి వచ్చేది.

వేసవిలో చెరువు అడుగంటితే మరో జీవితం మొదలయ్యేది. ఎండిన అంచుల్లో దోస, కర్బూజ తీగలు పాకేవి. కుమ్మరులు మట్టి తవ్వుకునేవారు. రైతులు పూడిక మట్టిని బండ్లకెత్తి ఎర్రచేలకు తోలేవారు. ఆ మట్టి పడిన చేను రెండేళ్లపాటు తేడాగా కనిపించేది. చెరువు లోతు, చేను బలం ఒకే పనితో తీరేవి. కట్టకు మట్టి వేయడం, కాలువలు చెక్కడం లాంటి పనులకు ఆయకట్టులో ప్రతి ఇంటి నుంచి మనిషి రావాలి. ఆ పద్ధతికి కుడిమరామత్తు అన్న పేరు మా తాత నోటనే విన్నాను. మా నాయన తరానికి వచ్చేసరికి అది “సర్కారు చేయిస్తుందిలే” అన్న మాటగా మారిపోయింది. చెరువులు ప్రభుత్వ శాఖల చేతికి పోయాక, మట్టి తవ్వాలన్నా ఎవరినో అడగాలేమో అన్న అనుమానం జనంలో పడింది. శాఖకేమో మాలాంటి చిన్న చెరువు లెక్కలోకి రాదు.

కరువు మాకు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువు గురించి మా తాతకు వాళ్ల తాత చెప్పిన కథలు ఉండేవి: నాగజెముడు పండ్లు, గడ్డి గింజలు, చింతగింజల పిండి తిని బతికిన కథలు. 1950ల తొలినాళ్ల గంజి కరువును మా అమ్మ కళ్లారా చూసింది. గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకొని నిలబడిన సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో బాధ కంటే సిగ్గే ఎక్కువ వినిపించేది. నా చిన్నప్పుడు వాన పడకపోతే పిల్లలం రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిరిగేవాళ్లం, ఆడవాళ్లు మా నెత్తిన నీళ్లు కుమ్మరించేవారు. గుడిలో విరాటపర్వం చదివించేవారు. ఆ కరువుల్లో పంట పోయేది, గొడ్లు పోయేవి, కొన్నిసార్లు మనుషులూ పోయేవారు. కానీ ఒక మంచి వాన పడితే చెరువు మళ్లీ చెరువయ్యేది. ఆ తర్వాత వచ్చిన మార్పు వానతో తిరిగి రానిది. దాన్ని మేమే దగ్గరుండి, సంతోషంగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ తెచ్చుకున్నాం.

మొదట చేలు మారాయి. కొర్ర, సజ్జ, అరిక, జొన్న, వాటి మధ్య కంది, అలసంద వేసిన చేలన్నీ బుడ్డలు, అంటే వేరుశనగ, అయ్యాయి. వేరుశనగకు ధర ఉంది, నూనె మిల్లులున్నాయి, అప్పిచ్చే బ్యాంకు కూడా దాన్ని చూసే ఇచ్చేది. ఒక వాన తప్పితే కాయ కట్టే ఊడ నేలలోకి దిగదు; ఊడ దిగకపోతే అప్పు మిగులుతుంది. ఆ అప్పుకు జవాబుగా బోరు వచ్చింది. 1980ల్లో మా ఊళ్లో మొదటి బోరు వేసినప్పుడు 150 అడుగుల్లోపే నీళ్లు పడ్డాయి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ చుట్టూ జాతరలాగా జనం. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా తిరిగి, అది నిలువుగా లేచిన చోట గీత గీశాడు. రిగ్గు దిగుతుంటే ముందు ఎర్రమన్ను, తర్వాత తెల్లటి రాతిపొడి, మనుషులందరి వెంట్రుకలూ కనుబొమలూ తెల్లబడ్డాక ఒక్కసారిగా నీళ్లు చిమ్మాయి. ఆ రైతు తడిసిపోతూ అక్కడే నిలబడ్డాడు. ఆ నీళ్లలో సగం మా చెరువు ఏళ్ల తరబడి నేలలోకి ఇంకించినవే అని అప్పుడు ఎవరికి తోచింది?

బోరున్నవాడికి రచ్చకట్టతో పని లేదు. నీరుగంటి వంతు కోసం చుక్కలు చూడనక్కర్లేదు, తూము పూడినా పట్టదు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లే ముందు బోర్లు వేసుకున్నారు కాబట్టి, చెరువు గురించి గట్టిగా మాట్లాడే గొంతులే ముందు తప్పుకున్నాయి. కట్ట కింది ఊటబావులు ముందు ఎండాయి. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన మా బావిలో నీళ్లు నా పెళ్లి నాటికే లేవు. ఒకరి బోరు ఎండితే పక్కవాడు ఇంకా లోతుకు దించేవాడు. 300, 500, ఆపైన 800 అడుగులు. నీళ్లు, నేల, చెట్లను కాపాడటానికని వాల్టా చట్టం 2002లో వచ్చి బోరుకు అనుమతి ఉండాలంది. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది. ఉచిత కరెంటును నేను తప్పుపట్టను, అది లేకపోతే ఇంకా ఎందరు రైతులు పోయేవారో. పొడి దుమ్ము తప్ప ఏమీ రాని బోరు గుంత పక్కన, కేసింగ్ పైపుకు ఇచ్చిన డబ్బు తిరిగొస్తుందా అని అడుగుతూ నిలబడిన మా చిన్నాన్న ముఖం నేను మరచిపోలేదు. అంతకు ముందు కరువొస్తే ఊరంతా ఒకేసారి అప్పుల పాలయ్యేది. ఇప్పుడు ఒక్కొక్క ఇల్లు ఒక్కో రోజు, పక్కింటికి తెలియకుండా అప్పుల్లో దిగుతోంది.

వంకకు ఏమైందన్నది వేరే కథ. గుట్టల మీద చెట్లు వంటచెరకుకు పోయాయి. కరువు పనుల కింద వంకకు అడ్డంగా ఊటకుంటలు, చెక్‌డ్యాములు వరసగా కట్టారు. ఒక్కొక్కటి చూస్తే మంచి పనే, పై చేల బోర్లకు మేలే, కానీ అన్నీ నిండి పొర్లితే గానీ చుక్క నీరు మా చెరువుకు దిగదు. అంటే మా చెరువును ఎండబెట్టిన వాటిలో కరువు నివారణ పనులు కూడా ఉన్నాయి. మిగిలిన దారిని చేలవాళ్లు కొంచెం కొంచెంగా దున్నుకున్నారు. పెద్ద చెరువులకు పెద్ద కష్టాలు: చిత్రావతి నది మీద ఎగువన కర్ణాటకలో పరగోడు దగ్గర ఆనకట్ట మాట వచ్చినప్పుడు బుక్కపట్నం దాకా ఆందోళన రేగింది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఒకటుంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు దానిలో చెక్కించారు. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఆ దోషాల్లో ఒకటి. దాన్ని చెక్కించినవాళ్లు మా పెన్న, చిత్రావతి తగాదాలను ఆరున్నర శతాబ్దాల ముందే చూసినట్టు రాశారు.

2000 తర్వాత వరసగా వానలు తప్పిన ఏళ్లలో, ముఖ్యంగా దేశమంతా కరువైన 2002లో, చెరువు నేల నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల్లో సర్కారు తుమ్మ మొలిచింది. మూడేళ్లకు అది మనిషి దూరలేని కంప. చాకిరేవు బండలు ఆ కంపలో కలిసిపోయాయి. జమ్ము లేదు, చేపలు లేవు, చలికాలంలో వచ్చి దిగే కొంగలు లేవు. చిలమత్తూరు దగ్గరి వీరాపురానికి ఏటా వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలు కూడా చుట్టుపక్కల చెరువుల్లో చేప దొరక్కపోతే నిలవవని ఆ ఊరివాళ్లు చెబుతారు. మనుషులూ అంతే చేశారు. ఉగాది కాగానే సగం ఇళ్లకు తాళాలు. కొందరు బెంగళూరు కట్టడాల పనికి, కొందరు కేరళకు. ఎద్దులను కదిరి సంతకు తోలుకుపోయి వచ్చిన ధరకు ఇచ్చేశారు. ముసలివాళ్లు, పిల్లలు, ట్యాంకరు కోసం వరసలో పెట్టిన ప్లాస్టిక్ బిందెలు ఊళ్లో మిగిలాయి. నీళ్లు లేని ఊరికి పిల్లనివ్వబోమని అవతలివాళ్లు సంబంధాలు తిరగ్గొట్టిన ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి.

2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టారు. దాని పుణ్యమా అని ఎండాకాలంలో కొందరైనా ఊళ్లో నిలిచారు, చెరువులో కంప కొట్టి పూడిక తీశారు. ఆ పనిలో ఒక వేసవి మా నీరుగంటి కూడా తట్ట మోశాడు. అప్పటికి ఆయన పనికి మేర కొలిచే కళ్లమే లేదు. ఎక్కడ తవ్వాలో కొలత కర్రలు పాతినవాళ్లకు, తూము ముందు నేల ఎక్కడ లోతో, ఎక్కడ తవ్వితే నీళ్లు తూముకు ఎక్కకుండా అడుగునే నిలిచిపోతాయో ఆయన చెప్పబోయాడట. వినడానికి వాళ్లకు పని గంటలు సరిపోలేదు. మరో రెండేళ్లకు ఆయన పోయాడు. కొడుకులు అంతకు ముందే బెంగళూరు చేరారు.

ఇప్పుడు మా దిక్కుకు కృష్ణా నీళ్లొచ్చాయి. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోసుకుంటూ జీడిపల్లి, గొల్లపల్లి, చెర్లోపల్లి జలాశయాల దాకా తెచ్చారు. కాలువ వారగా ఉన్న చెరువులు కొన్ని వాటితో నిండాయి. ఆ నీళ్లు మా చెరువుకు ఎక్కవు, మేం ఎత్తున ఉన్నాం. మా చెరువును నింపింది 2021 నవంబరులో రాయలసీమను ముంచెత్తిన వానలే. ఊటకుంటలన్నీ పొర్లి, మూసుకుపోయిన వంక పాత దారి వెతుక్కుంటూ చేలమీదుగా దిగి, చాలా ఏళ్లకు మరువ పారింది. నేను వెళ్లేసరికి గంగపూజ అయిపోయింది. ఫోన్లలో తీసిన వీడియోలు అందరి దగ్గరా ఉన్నాయి.

నీళ్లు వచ్చాయి కానీ తూము తెరుచుకోలేదు. బిరడా బిగుసుకుపోయి, దాని మీద మనిషి లోతు బురద పేరుకొని ఉంది. దిగి చూడగలవాళ్లు ఎవరూ లేరు. చెరువు ఒడ్డున చేలున్నవాళ్లు డీజిల్ ఇంజన్లు పెట్టి నేరుగా తోడుకున్నారు, చేపలకు పాడుకున్నవాళ్లు వాళ్లతో కొట్లాడారు. ఎండిపోయిన బోర్లలో కొన్ని మళ్లీ పలికాయి. కట్ట కింద వరి మాత్రం ఒక్క మడిలో కూడా పడలేదు. ఆ మళ్లలో కొన్ని మామిడి తోటలయ్యాయి, రోడ్డు వారగా ఉన్నవాటిలో ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి.

తూము తవ్వించి ఇనుప తలుపు పెట్టించాలని, దానికి ఆయకట్టులో ఎకరాకు ఇంతని చందా వేసుకోవాలని మా తమ్ముడు తిరుగుతున్నాడు. భూమి ఉన్నవాళ్లలో సగానికి పైగా బెంగళూరులో ఉండటం వల్ల ఆ మాటలన్నీ ఫోన్లోనే నడుస్తున్నాయి. చందాకు చాలామంది సరేనన్నారు. తలుపు పెట్టాక దాన్ని ఎవరు తీయాలి, ఎవరికి ముందు వదలాలి, ఆ మనిషికి ఏమివ్వాలి అన్న దగ్గర మాట ఆగింది. ఈసారి ఆ మనిషికి నెలజీతంతో పాటు కట్ట కింద అరెకరం మడి కూడా రాసివ్వాలని నేనన్నాను. తమ్ముడు సరేనన్నాడు, మిగతావాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు.